ఓడకు ఇద్దరు గార్డులు

ఓడ ఎక్కబోయేవాళ్ళకు నేను చెప్పే మొదటి సలహా: నిమ్మకాయలు తీసుకెళ్ళకండి. ఓడకు చక్రాలుండవు.

నవ్వకండి. మా గుంపులో ఒకాయన నాలుగు నిమ్మకాయలు జేబులో వేసుకుని టాటానగర్ నుంచి విశాఖపట్నం దాకా రైల్లో భద్రంగా తెచ్చాడు. మా ఊళ్ళో కొత్త బండి ఏదైనా సరే, చక్రాల కింద నిమ్మకాయ నలగందే గేటు దాటదు. విశ్వకర్మ పూజ నాడు స్కూటర్ల దగ్గర్నుంచి క్రేన్ల దాకా అన్నిటికీ బొట్టు పెట్టి దండ వేసే ఊరు మాది. ఈయన మా ఊరి బారిడీహ్ పేట మనిషి, ఉక్కు ప్లాంటులో క్రేను నడిపి రిటైరయ్యాడు. రేవులో నిలబడి, ఓడ అడుగు కనిపిస్తుందేమోనని వంగి వంగి చూసి, చివరికి నా దగ్గరికొచ్చి, "ఏటమ్మా, దీనికి టైర్లు లేవేటి?" అని చాలా బాధగా అడిగాడు. ఆ నిమ్మకాయలు తరవాత నాకే పనికొచ్చాయి. ఎలా పనికొచ్చాయో చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెబుతాను.

నేను అదే ఊళ్ళో సాక్చి బజారులో ఒక ట్రావెల్ ఆఫీసులో ఉద్యోగం చేసి పోయిన ఏడాదే రిటైరయ్యాను. పూరీ, గయ, కాశీ, తిరుపతి, కేదారం. జనాన్ని గుంపుగా తీసుకెళ్ళడం, తీసుకెళ్ళినంత మందినీ తిరిగి తీసుకురావడం నా పని. రెండోదే కష్టం. ఇప్పుడు కద్మాలో ఇంట్లో కూర్చున్నాక, ఈ లైన్లోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఫోన్ చేసి, "ఆంటీ, క్రూజ్ మే క్యా క్యా లే జానా హై?" అని, ఓడలోకి ఏమేం తీసుకెళ్ళాలో అడుగుతుంటారు. నేను తెలుగులో చెబుతాను, వాళ్ళు హిందీలో "హా, హా" అంటారు. ఎవరి భాషలో వాళ్ళం సుఖంగానే ఉన్నాం. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

మా లైన్లో శాస్త్రం ఒక్కటే. గుంపులో ఆఖరి మనిషి ఎక్కాకే మనం ఎక్కాలి. బస్సైనా, రైలైనా, కొండ మీద తాళ్ళకు వేలాడే డబ్బా అయినా సరే. నాకు ఈ పని నేర్పిన బెంగాలీ దాదా, అంటే ఆఫీసులో టికెట్ల బల్ల దగ్గర కూర్చునే ఆయన, మొదటి రోజే చెప్పాడు: "దీదీ, ముందెక్కినోడికి కిటికీ, ఆఖర్న ఎక్కినోడికి ఉద్యోగం." ఆ మాట పట్టుకుని నా సర్వీసంతా నేను ఏ బండీ ఎవరికన్నా ముందు ఎక్కలేదు. దీనికి నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఆ గర్వం ఎక్కడ దిగిందో చెప్పడానికే ఇంత కథ.

ఒకరోజు మా ఆఫీసు యజమాని సేఠ్‌గారు నన్ను పిలిచి, "మేడమ్, ఇస్ బార్ సముందర్" అన్నారు. ఈసారి సముద్రయానమట: విశాఖపట్నంలో ఓడెక్కి, పుదుచ్చేరి చూసుకుని, చెన్నైలో దిగి, రైల్లో ఇంటికి రావడం. మన తెలుగువాళ్ళు బోలెడంత మంది వస్తారని ఆయన ఆశ. నాకు ఈత రాదని చెప్పాను. "ఆప్ కో థోడీ తైర్‌నా హై, జహాజ్ తైరేగా" అన్నారు. ఈదేది ఓడే గానీ నేను కాదట.

టికెట్లు అమ్మడం మొదలుపెట్టిన వారంలోనే పిన్ని వచ్చింది. మా సొంత పిన్ని కాదు. టాటానగర్ స్టేషన్లో గార్డుగా చేసి రిటైరైన ఒక పెద్దమనిషి భార్య. మా ఊళ్ళో తెలుగువాళ్ళంతా ఏదో ఒక వరసే కాబట్టి ఆవిడ పిన్ని, ఆయన బాబాయి. చెప్పులు గుమ్మంలో విడిచి వచ్చి, ఎదురుగా కూర్చుని అడిగింది.

"ఈ ఓడ మజ్జిలో ఎక్కడైనా ఆగుతాదేటమ్మా?"

"ఆగుతుంది పిన్నీ, పుదుచ్చేరిలో. దిగి ఊరంతా చూడొచ్చు" అన్నాను హుషారుగా.

ఆవిడ ముఖం వాడిపోయింది. "ఎక్కడా ఆగకుండా ఎల్లిపోయేది లేదేటి?"

ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి గిరాకీ నాకు తగల్లేదు. ఎందుకని అడిగితే, కొంగుతో ముఖం తుడుచుకుని చెప్పుకొచ్చింది.

"మీ బాబాయి ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బండికి ఆకర్న గార్డు డబ్బాలో. నేను ముందు డబ్బాలో పిల్లల్తోటి. సరే, రిటైరయ్యేడు గదా, ఇకనైనా పక్కన కూకుంటాడనుకున్నాను. బండి ఆగితే సాలు, దిగిపోతాడు. గార్డుతో కబుర్లు, డ్రైవరుతో కబుర్లు. బండి కదిలిపోతాది. ఈయన ఏ డబ్బాలో ఎక్కేడో, అసలెక్కేడో లేదో. కదిలిన ప్రతిసారీ నా పేనం గుప్పిట్లోనే. ఓడైతే ఎక్కడ దిగుతాడమ్మా? సముద్రంలోకి గెంతుతాడేటి?"

నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

"నాకు ఆ డాన్సులూ అవీ ఏటీ వొద్దు. కదిలినప్పుడు ఆయన నా పక్కనుండాల. ఒక్కసారి సాలు."

 నేను తీర్థాలకు తీసుకెళ్ళిన జనం దేవుణ్ణి ఏమేమో కోరుకోవడం విన్నాను, ఇంత చిన్న కోరిక వినలేదు. "నాదీ పూచీ పిన్నీ, పక్కన నిలబెట్టి తీరుతాను" అన్నాను. నోరుజారడం అంటే అదే.

విశాఖపట్నంలో దిగగానే మావాళ్ళకు పండగైపోయింది. ఆటోవాడు "ఎక్కడికెల్తారు?" అంటే, ఇటునుంచి టాటానగర్ వలస వెళ్ళిన తాతల మాట రోడ్డు మీద వినబడిందని క్రేనాయన వాడి భుజం మీద చెయ్యేసి కబుర్లు మొదలుపెట్టాడు. ఆ ఆనందం రేవు దాకానే. అక్కడ సామాను దగ్గర మొదటి గొడవ వచ్చింది.

పిల్లలూ, ఇది రాసుకోండి. ఓడ ఎక్కేచోట పెట్టెలన్నీ ఓడవాళ్ళకు అప్పజెప్పాలి. వాళ్ళే సాయంత్రానికి మీ గది ముందు పెడతారు. కాబట్టి మందులు, కళ్ళజోడు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉంచుకోవాలి. ఈ సంగతి నేను మావాళ్ళకు ఊళ్ళోనే మూడుసార్లు చెప్పాను. చెప్పినప్పుడు అందరూ తలూపారు. తీరా అక్కడికి వెళ్ళాక, "సామాను ఇడిచిపెట్టి ఎల్లిపోమంటారేటి?" అని బాబాయి పెట్టె మీద కూర్చున్నాడు. రైల్వే మనిషికి సామాను వదలమని చెప్పడం చేపకు ఒడ్డున పడుకోమని చెప్పడమే. ఆయన దగ్గర రైలు బెర్తు కింద పెట్టెలు కట్టే గొలుసులున్నాయి, తాళాలతో సహా. తనవే కాకుండా మా గుంపు పెట్టెలన్నిటినీ ఒకే దండగా గుచ్చి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అక్కడి కుర్రాళ్ళు ఒక పెట్టె లాగితే గుంపు మొత్తం కదిలింది. ఆ తాళం తీయించేసరికి నా ప్రాణం మీదికొచ్చింది. అదే బాబాయి, చెన్నై చేరే ముందు పెట్టెలు గది బయట వరండాలో పెట్టమన్నప్పుడు, మళ్ళీ అదే దండ కట్టి ఓడ గోడకున్న కమ్మీకి తాళం వేశాడు. అది వేరే రామాయణం.

కరెంటు కెటిలు, ఇస్త్రీ పెట్టె, అగ్గిపెట్టె, కత్తిపీట, ఇవేవీ ఓడలోకి రానివ్వరు. కత్తిపీట ఎవరు తెస్తారని మీరనుకోవచ్చు. ఒకావిడ తెచ్చింది. ఓడలో మామిడికాయలు అమ్ముతారేమోనట.

ఎక్కిన కాసేపటికి సైరన్ మోగింది. ఓడలో ప్రమాదమొస్తే ఎవరు ఎక్కడ నిలబడాలో నేర్పడానికి ముందుగానే మోగిస్తారు. అది విన్నప్పుడు, ఎక్కేటప్పుడు మీకిచ్చిన కార్డు మీద రాసున్న చోటికి వెళ్ళి నిలబడాలి. కానీ మా బారిడీహ్ వాళ్ళు బతుకంతా ప్లాంటు సైరన్‌కు లేచి, ప్లాంటు సైరన్‌కు పడుకున్న మనుషులు. అది మోగగానే అందరూ లేచి, సంచులు భుజాన వేసుకుని, ద్వారం వైపు నడిచారు. "ఎక్కడికండీ?" అని నేను అడ్డుపడితే, క్రేనాయన ఆగి, కాసేపు ఆలోచించి, "అవునమ్మా, ఎక్కడికి?" అని నన్నే అడిగాడు. కాళ్ళకు షిఫ్టు అయిపోయిందని తెలిసింది గానీ బుర్రకు ఇంకా కబురు అందలేదు.

ఇక కదిలే వేళ. పై డెక్కు మీద పాటలు, జనం, ఒడ్డున కొండలు. పిన్ని పట్టుచీర మార్చుకుని వచ్చింది. తలలో పూలు కూడా. రెయిలింగు దగ్గర ఇద్దరికి సరిపడా చోటు పట్టుకుని, పక్కన చేతిసంచి పెట్టి కాపలా కాసింది. కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయని, తలెత్తి ఎదురుగానే చూస్తూ నిలబడింది. బాబాయి "మంచినీళ్ళు తాగి వత్తాను" అని వెళ్ళాడు. నేను తలలు లెక్కపెట్టుకుంటున్నాను. ఒక తల తక్కువ. ఎవరిదో లెక్కపెట్టకుండానే తెలిసింది.

ఓడ కూత వేసింది. గుండెల్లో మోగే కూత. మెల్లగా ఒడ్డు జరిగింది. నేను మెట్లు దిగుతూ, ఎక్కుతూ, రొప్పుతూ ఓడ మొత్తం వెతికి, చివరికి వెనక కొసన దొరకబుచ్చుకున్నాను. ఓడ ఆఖరి రెయిలింగు దగ్గర బాబాయి ఒక్కడే నిటారుగా నిలబడి, ఆకుపచ్చ తువ్వాలు గాల్లో ఊపుతున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"బాబాయీ, ఇక్కడేం చేస్తున్నారు?"

"సూడమ్మా, ఇంత బండికి ఎనకాల గార్డు డబ్బా పెట్టలేదు వీళ్ళు. మరి ఎవరో ఒకరు ఉండాల గదా" అన్నాడు.

 ఆయన్ను తీసుకుని పైకి వెళితే, పిన్ని సంచి పక్కనే నిలబడి ఉంది. ఒడ్డు చాలా దూరమైపోయింది. "మళ్ళీ ఎనకాలే ఉన్నాడు గదమ్మా" అంది నాతో, ఆయనతో కాదు. తలలో పూలు తీసి సంచిలో వేసుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు భోజనాల దగ్గర ఆవిడ పెరుగన్నం తప్ప ఏమీ ముట్టలేదు. ఎదురుగా బాబాయి, ఏ ఊరి వంటకాలో అన్నీ ఒకే పళ్ళెంలో గుట్ట పోసుకుని, తప్పేం జరిగిందో తెలియక బిక్కమొహం వేసుకుని తిన్నాడు. (అలా గుట్ట పోసుకోకండి. ఎన్నిసార్లయినా వెళ్ళి తెచ్చుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు.)

నిమ్మకాయల సంగతి ఇక్కడే. గదులు ఓడకు మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకుంటే ఊపు తక్కువని దాదా నాకు ముందే చెప్పాడు. సముద్రం బెంగాల్లో దీఘా ఒడ్డున తప్ప చూడని మనిషి నాకు చెప్పేదేమిటని, బస్సులో ముందు సీటు మంచిది గదా అన్న లెక్కన నాకు ఓడ ముక్కు దగ్గర గది తీసుకున్నాను. మర్నాడు పొద్దున్నే నేను గుంపు మొత్తానికి వాంతుల బిళ్ళలు పంచుతూ, నాలుగో గది ముందే కూలబడ్డాను. అప్పుడు క్రేనాయన జేబులోంచి నిమ్మకాయ తీసి గోరుతో గిల్లి నా ముక్కు దగ్గర పెట్టాడు. "సెక్రాల కింద పెట్టడానికి తెచ్చేను, మేనేజరు ముక్కు కింద పెట్టేను" అని ఇప్పటికీ సాక్చిలో కనబడితే చాలు, పదిమందిలో చెబుతాడు.

అప్పటికి మిగిలింది పుదుచ్చేరి ఒక్కటే. చెన్నైలో అందరం దిగిపోతాం. అంటే ఓడ కదలడం అనేది ఇంకొక్కసారే ఉంది. పిన్నికీ తెలుసు, నాకూ తెలుసు. బాబాయిని కూర్చోబెట్టి, విషయమంతా విడమరిచి చెప్పాను.  "ఈ సంగతి నాతో సెప్పలేదేటే?" అని పిన్నిని అడిగాడు. "మీరు పక్కనుంటే గదా సెప్పడానికి" అంది. అలా అంటూనే నవ్వేసింది. నాకు కొండంత బరువు దిగింది.

"పుదుచ్చేరిలో దిగొద్దు బాబాయీ, ఓడలోనే ఉండిపోండి" అన్నాను.

"ఆగిన బండి దిగకుండా ఎలగుంటామమ్మా?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే ఆయనకు తెలియదు.

పుదుచ్చేరిలో మా ఓడ ఒడ్డుకు రాలేదు. సముద్రంలో లంగరు వేసింది. చిన్న పడవల్లో ఒడ్డుకు తీసుకెళ్ళి, మళ్ళీ పడవల్లోనే తీసుకొస్తారు. ఆఖరి పడవ వేళ ఫలానా అని గుమ్మం దగ్గరే రాసి పెడతారు. దాన్ని మించిన మంత్రం లేదు. రైలు మన కోసం ఆలస్యంగా వస్తుంది, ఓడ మన కోసం ఆగదు. ఇదొక్కటి గుర్తుంటే మిగతా సలహాలన్నీ మరిచిపోయినా ఫరవాలేదు.

ఇద్దరూ దిగారు. సముద్రం పక్క రోడ్డు మీద నడిచారు, కాఫీ తాగారు. పిన్ని మోకాళ్ళు నొప్పెట్టి ఆడవాళ్ళతో కలిసి ముందు పడవలోనే తిరిగి వెళ్ళిపోయింది. పడవలో కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు మాటిచ్చేవు. ఎలాగైనా ఎక్కించాల." బాబాయి కూడా అప్పుడే ఎక్కవలసింది. ఒక కాలు పడవలో పెట్టి కూడా తీసేశాడు. క్రేనాయన ఇంకా రాలేదని.

"మనోడు రాకండా బండి ఇడిసిపెట్టి ఎలగెల్తామమ్మా" అన్నాడు. పిన్ని పడవలోంచి ఆయన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. అది కోపం కాదు, అలవాటు.

క్రేనాయన కోసం పడవ మీద పడవ వదిలేశాం. ఆఖరిది ఒక్కటే మిగిలింది. అది కూడా నిండుతోంది. అప్పుడు వచ్చాడు మహానుభావుడు, చేతిలో అగరబత్తీల కట్టలతో, ఆటోవాడితో ఇంకా హిందీలో బేరమాడుతూ. ఆ ఆటోవాడు తమిళంలో బేరమాడుతూ వెనకాలే వచ్చాడు. ఇద్దరినీ విడదీసి, ఈయన్ను పడవలోకి తోశాను. మిగిలింది మేమిద్దరం. నేను, బాబాయి.

"ఎక్కండి బాబాయీ" అన్నాను.

"నువ్వెక్కమ్మా" అన్నాడు.

"మీరెక్కాక నేనెక్కుతాను."

"గార్డు ఆకర్న ఎక్కుతాడమ్మా. అది రూలు."

"మేనేజరు ఆఖర్న ఎక్కాలి బాబాయీ. ఇదీ రూలే. నేనెక్కాక ఎవరైనా మిగిలిపోతే నా ఉద్యోగం పోతుంది."

"నేనెక్కేక ఎవులైనా మిగిలిపోతే నా ముకం నేను సూసుకోలేను."

తాడు విప్పడానికి వంగిన పడవ మనిషి మళ్ళీ లేచి, తమిళంలో ఏదో అరిచాడు. మేమిద్దరం ఒకేసారి ఆయనకు దణ్ణం పెట్టి, మళ్ళీ ఒకరికొకరం దారి చూపించుకున్నాం. పడవలో ఉన్నవాళ్ళు రెండు పార్టీలైపోయారు. ప్లాంటువాళ్ళంతా నా వైపు, రైల్వేవాళ్ళంతా ఆయన వైపు. "అరే భాయ్, ముందు మీరంటే ముందు మీరని మర్యాదలు చేసుకోడానికి ఇది లక్నో కాదు, ఎవరో ఒకరు ఎక్కండి" అని క్రేనాయన కేక. అంత ఆలస్యానికీ కారణం తానేనని ఆయనకు గుర్తే లేదు. దూరంగా మా ఓడ తెల్లగా నిలబడి ఉంది. దాని మీద ఎక్కడో పిన్ని.

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో కూడా నాకు పంతమే వచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసు, ఒక్కసారైనా ఒకరికన్నా ముందు ఎక్కలేదు. రిటైరయ్యే ముందు ఈయనెవరు నా రూలు తప్పించడానికి అనిపించింది. ఎదుటి మనిషి ముఖం చూస్తే, ఆయన కూడా సరిగ్గా అదే అనుకుంటున్నాడని అర్థమైంది. నవ్వు ఆగలేదు. రేవులో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాను. నా ఉద్యోగం ఆఖర్న ఎక్కడం కాదు, అందరినీ ఎక్కించడం. ఇంతకాలం ఆ రెండూ ఒకటే అనుకున్నాను.

"బాబాయీ, మీరు గార్డు. నేను పాసింజర్ని. టికెట్ చూపించమంటారా?" అన్నాను.

ఆయన ముఖం చూడాలి. వెన్ను నిటారుగా అయింది. "ఎక్కమ్మా" అన్నాడు, టాటానగర్ ప్లాట్‌ఫారమ్ మీద అన్నంత హోదాగా. నేను ఎక్కాను. ప్రపంచం మునిగిపోలేదు. పడవ కొంచెం ఊగింది, అంతే.

కానీ గార్డు పని అక్కడితో అయిపోదు. ఆయన రేవు అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరూ మిగల్లేదని తృప్తి పడ్డాక, ఆకుపచ్చ తువ్వాలు తీసి, చెయ్యి పూర్తిగా చాచి ఊపాడు. పడవ మనిషి అది చూసి నిజంగానే పడవ వదిలేశాడు. రేవుకూ పడవకూ మధ్య నీళ్ళు కనబడ్డాయి. నేను కళ్ళు మూసుకున్నాను. కదిలే బండి ఎక్కడం వచ్చిన మనిషి కాబట్టి ఆయన తాపీగా రెండడుగులు పక్కన నడిచి, గెంతాడు. క్రేనాయన చొక్కా పట్టుకున్నాడు, నేను నడుం పట్టుకున్నాను, రైల్వేవాళ్ళు చప్పట్లు కొట్టారు. పడవ మనిషి ఓడ దాకా ఆయన్ను తమిళంలో తిడుతూనే ఉన్నాడు. ఆయన హిందీలో "అచ్ఛా, అచ్ఛా" అంటూ, మెచ్చుకుంటున్నాడనుకుని సంతోషపడ్డాడు. మీరు మాత్రం అలా గెంతకండి. అది సలహా కాదు, బతిమాలడం.

ఓడ గుమ్మం దగ్గర కార్డు చూపించి లోపలికి రాగానే, ఆయన్ను చెయ్యి పట్టుకుని లాక్కుంటూ పై డెక్కు ఎక్కించాను. ఒడ్డు కనబడే వైపంతా జనం కిక్కిరిసిపోయారు. పిన్ని అక్కడ లేదు. ఇవతలి వైపు, ఖాళీ సముద్రం కనబడే వైపు, ఒక్కత్తీ రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది. మొన్నటి పట్టుచీరే. పక్కన సంచి లేదు. ఈసారి చోటు కాపలా కాయలేదు.

బాబాయి వెళ్ళి పక్కన నిలబడ్డాడు. ఆవిడ ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది. చిరిగిన చొక్కా చూసింది. "గెంతేరు గదా?" అంది. ఆయన చిరుగు మీద తువ్వాలు కప్పుకున్నాడు. ఆవిడ ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంకా కదల్లేదు గదమ్మా?" అని నన్నడిగింది.

"లేదు పిన్నీ" అన్నాను. అప్పటికి నిజమే.

కాసేపయ్యాక నా కాళ్ళ కింద చిన్న వణుకు తెలిసింది. అటు వైపు జనం ఫోన్లు ఎత్తి చేతులు ఊపడం మొదలుపెట్టారు. ఓడ కదిలింది. కూత వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో నాకు తెలియదు. రైలులా కుదుపు లేదు. పిన్ని కిందికి చూడదు, వెనక్కి తిరగదు. ఎదురుగా ఎటు చూసినా ఒకే నీలం. కూత కోసం చెవులు రిక్కించుకుని, ఆయన చెయ్యి పట్టుకుని, అలాగే నిలబడి ఉంది.

చెప్పబోయాను. కదిలింది పిన్నీ, నీ కోరిక తీరింది, ఇదిగో ఇదే అని. బాబాయి తల తిప్పి నన్ను చూశాడు. బతుకంతా చక్రాల మీద గడిపిన మనిషి, కదిలిందో లేదో ఆయన పాదాలకు నా కన్నా ముందే తెలిసి ఉంటుంది. మెల్లగా, పిన్నికి కనబడకుండా, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

నేను నోరు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాను. గుంపు నాయకులకు ఇది కూడా రాసుకోదగ్గ సలహానే. ఎప్పుడు మాట్లాడకూడదో తెలియాలి.

పుదుచ్చేరి చిన్నదైపోయింది. అటు వైపు జనం చెదిరిపోయి టీలకు వెళ్ళిపోయారు. ఎండ తగ్గి గాలి చల్లబడింది. వాళ్ళిద్దరూ అలాగే ఉన్నారు.

"కూతెయ్యలేదేటండీ ఇంకా?" అంది పిన్ని.

వాళ్ళింట్లో అన్నిటికీ రైల్వే భాషే. కుక్కరు విజిలు రాకపోయినా, గుళ్ళో హారతి ఆలస్యమైనా ఆ ఇంట్లో ఒకటే మాట, బండి వదలడానికి పై స్టేషన్ అనుమతి ఇంకా రాలేదని.

"లైన్ క్లియర్ రాలేదే" అన్నాడు బాబాయి. "నిలబడు."

ఆవిడ పట్టు వదల్లేదు. ఇంకొంచెం దగ్గరగా జరిగింది.

"రాకపోతే రానీలెండి" అంది. "మనకేటి తొందర."